మ్యూనిక్ నుంచి రోమ్ దాకా కారు అద్దెకు తీసుకోవాలా? నాలుగు రోజులకు తీసుకోండి, చాలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి ఐదుగురు, అంటే మీ దంపతులు, అమ్మానాన్న, ఎనిమిదేళ్ల బాబు సెప్టెంబర్‌లో యూరప్ వస్తున్నారు. మ్యూనిక్‌లో దిగి సాల్జ్‌బర్గ్, ఉత్తర ఇటలీలోని డోలమైట్స్ కొండలు, వెనిస్, ఫ్లోరెన్స్ చూసుకుంటూ వెళ్లి రోమ్‌లో తిరుగు ఫ్లైట్ ఎక్కాలి. మ్యూనిక్ ఎయిర్‌పోర్టులో సెవెన్ సీటర్ తీసుకుని రోమ్‌లో వదిలేస్తే పెద్దవాళ్లకు సుఖంగా ఉంటుందని మీ ఆలోచన. ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే సరిపోతుందా, ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి, గేర్ల బండా ఆటోమేటిక్కా అని కూడా అడిగారు.

నేను మ్యూనిక్ దగ్గర ఉంటాను. సెలవులు దొరికితే బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీ వైపు బండి తిప్పే అలవాటు ఉంది, కాబట్టి కారు వద్దని చెప్పే బాపతు కాదు. కానీ మీ ప్లాన్‌లో కారు నిజంగా పనికొచ్చేది డోలమైట్స్‌లో ఉండే నాలుగు రోజులే. మిగతా ఊళ్లలో అది మిమ్మల్ని మోయదు, దాన్ని మీరే మోయాలి.

ముందు డబ్బు సంగతి. ఒక దేశంలో తీసుకున్న కారును ఇంకో దేశంలో వదిలితే వన్ వే ఛార్జీ పడుతుంది. జర్మనీలో తీసుకుని ఇటలీలో వదిలితే అది వందల యూరోల్లో ఉంటుంది, ఒక్కోసారి అసలు అద్దెనే మించిపోతుంది. బుకింగ్ సైట్‌లో మొదట కనిపించే రేటులో అది కలిసి ఉందో లేదో, కౌంటర్ దగ్గర కట్టాలో చూసుకోవాలి. ఇంకో చిక్కు, జర్మనీలో అద్దెకిచ్చే ఖరీదైన బ్రాండ్ల కార్లను ఇటలీకి తీసుకెళ్లడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఫలానా దేశాలకు వెళ్తున్నామని కౌంటర్‌లో చెప్పి అగ్రిమెంట్‌లో రాయించుకోకపోతే, అక్కడ ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు.

ఇక ఊళ్లు. మ్యూనిక్‌లో లోకల్ రైళ్లు, ట్రాములు ఉండగా కారుతో పనేమీ ఉండదు. వెనిస్‌లో కారు ఊరి అంచున ఉండే పియాజాలే రోమా అనే కూడలి దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత అన్నీ కాలువలూ కాలిబాటలే. అక్కడ కారుకు చేసే మర్యాద అంతా ట్రొంకెట్టో దీవిలోనో, నీళ్లకు ఇవతలి ఒడ్డున ఉండే మెస్త్రె స్టేషన్ పక్కనో రోజుకింత అని కట్టి గ్యారేజీలో పెట్టడం. ఫ్లోరెన్స్, రోమ్ పాత ఊళ్లలోకి కారుతో వెళ్తే చలానాలే, వాటి గురించి కింద విడిగా రాస్తాను. అంటే మీ ట్రిప్‌లో సగానికి పైగా రోజులు కారు అద్దె ఒకవైపు, పార్కింగ్ అద్దె మరోవైపు కడుతూ మీరు మాత్రం కాలినడకన తిరుగుతుంటారు.

నేనైతే ఇలా చేస్తాను. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్‌కు బవేరియా డే టికెట్ మీద వెళ్లొచ్చు. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా ప్రయాణం చేయొచ్చు, సరిగ్గా మీ లెక్కే. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, ప్రాంతీయ రైళ్లలో మాత్రమే, కానీ సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా పనిచేస్తుంది. సాల్జ్‌బర్గ్ నుంచి ఇన్స్‌బ్రుక్ దాదాపు రెండు గంటలు, అక్కడ మారితే బ్రెన్నర్ మీదుగా డోలమైట్స్ పక్కనుండే ఇటలీ ఊరు బోల్జానోకు ఇంకో రెండు గంటలు. బోల్జానోలో కారు తీసుకోండి. డోలమైట్స్ అంతా తిరిగి వెనిస్ ఎయిర్‌పోర్టులోనో మెస్త్రెలోనో వదిలేయండి. ఇటలీ లోపలే కాబట్టి వన్ వే ఛార్జీ తక్కువే ఉంటుంది, కొన్ని కంపెనీలు అసలు తీసుకోవు. వెనిస్ నుంచి ఫ్లోరెన్స్ స్పీడ్ రైల్లో రెండు గంటల పైచిలుకు, ఫ్లోరెన్స్ నుంచి రోమ్ గంటన్నర. ముందుగా కొంటే టికెట్లు చౌక.

పెద్దవాళ్లకు రైలు ఇబ్బంది కదా అంటారేమో. మీ నాన్నగారికి షుగరో మోకాళ్ల నొప్పులో ఉంటే రైలే మేలు. లేచి నాలుగడుగులు వేయొచ్చు, బాత్రూమ్ ఉంటుంది. అసలు కష్టమల్లా సామాన్లు ఎక్కించి దించడమే. దానికి విరుగుడు పెట్టెలు తగ్గించడం. ఇది కారుకూ వర్తిస్తుంది, ఎందుకంటే సెవెన్ సీటర్‌లో వెనక వరుస సీట్లు నిలబెడితే డిక్కీలో రెండు చిన్న పెట్టెలకు మించి పట్టవు. ఐదుగురికి నాలుగు పెద్ద 28 అంగుళాల సూట్‌కేసులు, రైస్ కుక్కరు, పచ్చళ్ల సంచీ అంటే ఏ బండీ చాలదు. మీకు కావాల్సింది పొడవు డిక్కీ ఉండే ఎస్టేట్ రకం, లేదా మూడో వరుస మడిచేసిన సెవెన్ సీటర్. మనిషికొక మీడియం పెట్టె అని ఇంట్లో ఇప్పుడే తీర్మానం చేసేయండి.

బోల్జానో విషయంలో ఒక జాగ్రత్త. యూరప్‌లో ఊళ్లలో ఉండే రెంటల్ ఆఫీసులు చాలావరకు శనివారం మధ్యాహ్నానికి మూసేస్తారు, ఆదివారం తెరవనే తెరవరు. మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నం భోజనానికి తాళం వేసే ఆఫీసులు ఇటలీలో బోలెడు. మీ రైలు వచ్చే టైమూ ఆఫీసు తెరిచే టైమూ కలిశాకే బుక్ చేయండి. కలవకపోతే అదే రైల్లో వెరోనా దాకా వెళ్లి అక్కడి ఎయిర్‌పోర్టులో తీసుకోండి.

కాగితాల దగ్గరికొద్దాం. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ ఆర్టీఏ ఆఫీసు నుంచే రావాలి, చెల్లుబాటు 1 సంవత్సరం. గూగుల్‌లో వెతికితే డాలర్లు తీసుకుని అందమైన ప్లాస్టిక్ కార్డు ఇంటికి పంపే వెబ్‌సైట్లు చాలా వస్తాయి, వాటికి చట్టపరంగా విలువ లేదు. అసలు పర్మిట్ కూడా ఒంటరిగా పనిచేయదు, అది మీ లైసెన్స్‌కు తోడు మాత్రమే. కాబట్టి ఒరిజినల్ లైసెన్స్ కార్డు జేబులో ఉండాలి. ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తే ఇక్కడి కౌంటర్‌లో పని జరగదు. ఇటలీలో పర్మిట్ గానీ అధికారిక అనువాదం గానీ లేకుండా పోలీసులకు దొరికితే జరిమానా 400 యూరోలు దాటుతుంది. కొన్ని కంపెనీలు పర్మిట్ అడగకుండానే తాళాలు ఇచ్చేస్తాయి. అంతమాత్రాన రోడ్డు మీద అడగరని కాదు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తంటా పేర్లతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, లైసెన్స్‌లో ఒక్క అక్షరం, క్రెడిట్ కార్డు మీద ఇంటిపేరే లేకుండా మొదటి రెండు పేర్లు. మనకు ముగ్గురూ ఒకరే అని తెలుసు. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయికి ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. బుకింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే చేయండి. పర్మిట్ తీసుకునేటప్పుడు దాని మీద పేరు పాస్‌పోర్టుతో కలిసేలా చూసుకోండి. కార్డు మీద పేరు మరీ తేడాగా ఉంటే బ్యాంకును అడిగి సరైన పేరుతో కొత్త కార్డు తెప్పించుకోండి. ఇంకా టైముంది కాబట్టే చెబుతున్నాను.

కార్డు అంటే క్రెడిట్ కార్డే, అదీ మెయిన్ డ్రైవర్ పేరు మీద ఉన్నదే. మీరు నడుపుతూ మీ ఆవిడ కార్డు ఇస్తే చాలాచోట్ల తీసుకోరు. డెబిట్, ఫారెక్స్ కార్డులు డిపాజిట్‌కు సాధారణంగా పనికిరావు. డిపాజిట్ పేరుతో కొన్ని వందల నుంచి రెండు వేల యూరోల దాకా కార్డు మీద బ్లాక్ చేస్తారు. అది ఖర్చు కాదు గానీ బండి తిరిగిచ్చాక విడుదల కావడానికి రోజులు పడుతుంది, ఆలోపు మీ లిమిట్ తగ్గిపోతుంది. హోటళ్లకు ఇంకో కార్డు ఉంచుకోండి. ఇంటర్నేషనల్ లావాదేవీలు యాప్‌లో ఆన్ చేసి లిమిట్ పెంచి, పిన్ గుర్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని బయలుదేరండి. రూపాయల్లో కడతారా యూరోల్లోనా అని మెషీన్ అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్లిష్టమొచ్చిన రేటు వేస్తారు.

ఇన్సూరెన్స్ విషయంలో జనం ఎక్కువగా తికమకపడతారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అవతలివాళ్లకు నష్టం జరిగితే కట్టే థర్డ్ పార్టీ కవర్ చట్టప్రకారం ప్రతి కారుకూ ఉంటుంది. మీరు నడిపే కారుకు దెబ్బ తగిలినా, దొంగతనం జరిగినా వర్తించే కవర్ కూడా ఇటలీలో మామూలుగా అద్దెలోనే కలిపి ఉంటుంది, కానీ దానికి ఎక్సెస్ అని ఒకటుంటుంది, అంటే నష్టంలో ముందు మీరే భరించాల్సిన వాటా. ఉదాహరణకు ఎక్సెస్ 1,500 యూరోలైతే, తలుపుకు 600 యూరోల సొట్ట పడినా మొత్తం మీ జేబులోంచే. 4,000 యూరోల నష్టమైతే మీరు 1,500 కట్టి ఊరుకోవచ్చు. అద్దాలు, టైర్లు, బండి అడుగుభాగం, పైకప్పు చాలా పాలసీల్లో ఆ కవర్ బయటే ఉంటాయి. కొండ దారుల్లో, ఇరుకు సందుల్లో ముందు దెబ్బతినేవి టైర్లూ రిమ్ములే.

ఆ ఎక్సెస్‌ను సున్నా చేసుకోవడానికి రెండు దారులు. ఒకటి, కౌంటర్‌లోనో కంపెనీ సొంత సైట్‌లోనో వాళ్లు అమ్మే ఫుల్ కవర్. రోజుకు 15 నుంచి 30 యూరోల దాకా అవుతుంది. రెండోది, బుకింగ్ సైట్లు రోజుకు ఏడెనిమిది యూరోలకు అమ్మే ఫుల్ ప్రొటెక్షన్. పేరు ఒకేలా వినిపిస్తుంది గానీ ఈ రెండోది అద్దె కంపెనీకి సంబంధం లేనిది. గీత పడితే కంపెనీ ముందు మీ కార్డులోంచి డబ్బు లాగేస్తుంది, మీరు బిల్లులు, ఫోటోలు పెట్టి ఆ సైట్ దగ్గర తిరిగి రాబట్టుకోవాలి. ‘ఇది మాకు చెల్లదు, మా కవర్ తీసుకోండి’ అని కౌంటర్‌లో అంటారు. వాళ్లన్నదాంట్లో సగం నిజం ఉంది. వాళ్లకు చెల్లకపోయినా మీకు చెల్లుతుంది, కాకపోతే పూర్తి డిపాజిట్ బ్లాక్ అవుతుంది.

ఇక్కడ మామూలుగా నాకు చౌక దారే ఇష్టం. కానీ మీరు మొదటిసారి కుడివైపు నడపబోతున్నారు, నాలుగే రోజులు, ఇండియా వెళ్లాక క్లెయిమ్ కోసం ఈమెయిళ్లు రాస్తూ కూర్చోవడం మీకూ ఇష్టం ఉండదు. అద్దె కంపెనీ ఫుల్ కవరే తీసుకోండి, అదీ కౌంటర్‌లో కాదు, ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడే. రేటు తక్కువ పడుతుంది, దిగీ దిగగానే బేరాలాడే పనీ తప్పుతుంది. టైర్లు, అద్దాలు కలిపి ఉన్నాయో లేదో ఆ ఒక్క లైను మాత్రం చదవండి.

గేర్ల ప్రశ్నకు జవాబు: ఆటోమేటిక్. మీరు హైదరాబాద్‌లో ఇరవయ్యేళ్లుగా గేర్ల బండే నడుపుతున్నా సరే. ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి. ఆ చేతికి కొత్త పని నేర్పుతూ, కళ్లతో కొత్త బోర్డులు చదువుతూ, ఎత్తు మీద హెయిర్‌పిన్ మలుపులో రెండో గేరు వెతుక్కోవడం అవసరమా? ఇటలీలో ఆటోమేటిక్‌లు తక్కువ, రేటూ కొంచెం ఎక్కువ, కాబట్టి ఇప్పుడే బుక్ చేయండి. బాబుకు బూస్టర్ సీటు తప్పనిసరి. ఇటలీలో 150 సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలకు అది చట్టం. కంపెనీ దగ్గర రోజు అద్దెకు తీసుకునే కంటే ఒక మడత బూస్టర్ కొని తెచ్చుకుంటే చౌక.

బండి చేతికిచ్చినప్పుడు తొందరపడకండి. చుట్టూ ఒక రౌండు నిదానంగా వీడియో తీయండి. నాలుగు రిమ్ములు, బంపర్ల కింది అంచులు, ముందు అద్దం, పైకప్పు, తర్వాత డ్యాష్‌బోర్డు మీద కిలోమీటర్లు, పెట్రోల్ ముల్లు. వాళ్లిచ్చిన కాగితంలో లేని గీత కనిపిస్తే అక్కడే రాయించండి. డిక్కీలో త్రికోణం బోర్డు, మెరిసే పసుపు జాకెట్ ఉన్నాయో లేదో చూడండి. హైవే మీద బండి ఆగిపోయి మీరు కిందకు దిగాల్సి వస్తే ఆ జాకెట్ వేసుకోవాలి.

పార్కింగ్‌లోనే పది నిమిషాలు తిప్పి అలవాటు చేసుకోండి. మొదటి రోజు ఇండికేటర్ వేయబోతే వైపర్లు తిరుగుతాయి, అందరికీ జరిగేదే. ఇండికేటర్ కాడ ఇక్కడ ఎడమచేతి వైపు ఉంటుంది. నిజంగా ప్రమాదం ఉన్నది ఎడమవైపు తిరిగేటప్పుడూ, ఖాళీ రోడ్డు మీదకు పెట్రోల్ బంకులోంచి బయటకు వచ్చేటప్పుడూ. ఎదురుగా ఏ బండీ లేకపోతే చెయ్యి దానంతటదే ఎడమకు లాగుతుంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్ల డ్యూటీ ఆ క్షణంలో ‘కుడి, కుడి’ అని గుర్తుచేయడం. రౌండబౌట్‌లో ఇప్పటికే తిరుగుతున్న బండికి, అంటే మీ ఎడమ నుంచి వచ్చేదానికి దారివ్వాలి. బోర్డులేమీ లేని చిన్న కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిది ముందు హక్కు. హైవే మీద ఓవర్‌టేక్ ఎడమ నుంచే, అయిపోగానే మళ్లీ కుడి లేన్‌లోకి వచ్చేయాలి. ఇటలీ హైవే మీద 130, వాన పడితే 110. సగటు వేగం కొలిచే కెమెరాలున్నాయి కాబట్టి కెమెరా దగ్గర బ్రేకు వేసి తర్వాత తొక్కే మన టెక్నిక్ పనిచేయదు. హారన్ సంగతి మర్చిపోండి.

డోలమైట్స్ రోడ్లు మన తిరుమల ఘాట్ లాంటివే, ఒక్క తేడాతో. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ ఒకటే దారి, ఎదురుగా బస్సు, వెనక మోటార్‌సైకిళ్ల గుంపు, పక్కన ఊపిరి బిగబట్టి తొక్కే సైకిల్‌వాళ్లు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకండి. ఆటోమేటిక్‌లోనూ మాన్యువల్ మోడ్ ఉంటుంది, చిన్న గేరులో పెట్టి వదలండి. వెనక బండ్లు పేరుకుపోతే ఖాళీ జాగా చూసి పక్కకు ఆపి వాళ్లను పోనివ్వండి. టెన్షన్ సగం తగ్గుతుంది. బాబుకు కడుపులో తిప్పే అలవాటుంటే గార్దెనా, సెల్లా కనుమల రోజున తేలికగా తినిపించండి.

కారు ఉన్నంత మాత్రాన అన్నిచోట్లకూ వెళ్లొచ్చనుకోకండి. బ్రాయెస్ సరస్సుకు వేసవి సీజన్‌లో, సెప్టెంబర్ దాకా, పగటిపూట ముందస్తు బుకింగ్ లేనిదే కారును పోనివ్వరు. మీ తేదీలు దాని తర్వాత పడేలా చూసుకుంటే హాయి. త్రె చీమె శిఖరాల కిందికి వెళ్లే రోడ్డుకు విడిగా టోల్, అది కూడా బండికి పదుల యూరోల్లో. ఆన్‌లైన్ బుకింగ్ అడుగుతున్నారు కాబట్టి వెళ్లే ముందు చూసుకోండి. ఆల్పె ది సియూసి పచ్చిక మైదానానికి ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా బయటి కార్లు నిషేధం, కింద కారు పెట్టి రోప్‌వే ఎక్కాలి. పెద్దవాళ్లకు ఇదే అన్నిటికంటే సుఖమైన రోజు.

పార్కింగ్ గీతల రంగు చూడండి. నీలం అయితే డబ్బు కట్టాలి, తెలుపు అయితే సాధారణంగా ఉచితం, పసుపు అయితే మనది కాదు. గడియారం బొమ్మ ఉన్న బోర్డు కనిపిస్తే అద్దం వెనక ఉండే అట్ట గడియారంలో మీరు వచ్చిన టైము పెట్టి ముందు అద్దం దగ్గర కనిపించేలా ఉంచాలి.

పెట్రోల్ బంకులో ఒక ఉచ్చు ఉంది. ఇటలీలో ‘గజోలియో’ అని రాసి ఉంటే గ్యాసొలీన్ కాబోలు అనుకుంటారు, కానీ అది డీజిల్. పెట్రోల్‌ను ‘బెంజీనా’ అంటారు. మూత లోపల చూడండి. గుండ్రం గుర్తులో ఈ5, ఈ10 అని ఉంటే పెట్రోల్, చదరం గుర్తులో బీ7 అని ఉంటే డీజిల్. అదే గుర్తు పంపు మీదా ఉంటుంది. మనిషి వచ్చి పోసే పంపులో రేటు ఎక్కువ, మనమే పోసుకునే దాంట్లో తక్కువ.

టోల్ సులువే. ఎక్కేటప్పుడు టికెట్ తీసుకుని దిగేటప్పుడు కట్టాలి. పసుపు రంగు టెలిపాస్ లేన్ వాళ్ల ఫాస్టాగ్ ఉన్నవాళ్లకు, అందులోకి వెళ్లకండి. కార్డు బొమ్మ ఉన్న లేన్ చూసుకోండి. నా మాట కాదని మ్యూనిక్ నుంచే కారు తెస్తే, ఆస్ట్రియా హైవేలకు వినెట్ అనే టోల్ స్టిక్కర్ కొనాలి, బ్రెన్నర్ హైవేకు మళ్లీ విడిగా టోల్ కట్టాలి.

చివరికి ఇటలీ పాత ఊళ్ల చలానా. జెడ్‌టీఎల్ అంటారు, అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతం. గేటు ఉండదు, పోలీసు ఉండడు, తెల్లటి పలకలో ఎర్ర గుండ్రం, దాని పైన ఒక కెమెరా. పక్కన లైట్ల బోర్డు మీద ‘వార్కో అత్తీవో’ అని వెలిగితే నిషేధం అమల్లో ఉన్నట్టు, ‘నాన్ అత్తీవో’ అని ఉంటే పోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌ను నమ్మకండి, అది చక్కగా లోపలికి తీసుకెళ్లి వదులుతుంది. మావాళ్లు ఒకాయన ఒక ఊళ్లో హోటల్ వెతుకుతూ ఒకే వీధి కెమెరా కిందుగా మూడుసార్లు తిరిగాడు. మూడూ వేర్వేరు చలానాలుగా కూకట్‌పల్లి ఇంటికి వచ్చాయి. ఒక్కోటి సుమారు 100 యూరోలు. మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ కూడా ప్రతిసారీ 30 నుంచి 50 యూరోలు విడిగా కార్డులోంచి తీసుకుంటుంది, ఏ ఫుల్ కవరూ దీన్ని ఆపదు. హోటల్ ఆ ప్రాంతం లోపల ఉంటే ముందే వాళ్లకు ఫోన్ చేసి బండి నంబర్ నమోదు చేయించాలి. బోల్జానోలోనూ ఇలాంటి ప్రాంతం ఉంది, కాబట్టి డోలమైట్స్ రోజుల్లో హోటల్ ఊరి మధ్యలో కాకుండా బయటి పల్లెల్లో తీసుకోండి.

టస్కనీ పల్లెలు కూడా చూడాలని మనసు లాగితే ఫ్లోరెన్స్ ఎయిర్‌పోర్టుకు టీ2 ట్రామ్ ఎక్కి వెళ్లి అక్కడ ఒక రోజుకు కారు తీసుకుని సాయంత్రానికి అక్కడే ఇచ్చేయండి. ఊళ్లోకి కారు తేనే కూడదు.

వెనిస్‌లో బండి తిరిగిచ్చేటప్పుడు ఆఫీసు తెరిచి ఉన్న టైములోనే ఇవ్వండి. దగ్గరలోని బంకులో ట్యాంక్ నింపి రసీదు ఉంచుకోండి, మళ్లీ ఒక వీడియో తీయండి, బండిలో లోపాలేమీ లేవని కాగితమో ఈమెయిలో అడిగి తీసుకోండి. మూసేశాక తాళాలు పెట్టెలో వేసి వస్తే, పొద్దున ఎవరో చూసేదాకా ఆ బండి బాధ్యత మీదే. విదేశీయులకు చలానా పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువిస్తుంది, అందుకే అగ్రిమెంటు, వీడియోలు అప్పటిదాకా డిలీట్ చేయకండి. నోటీసు వచ్చిందంటే అందిన ఐదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గిస్తారు, ఆన్‌లైన్‌లో కట్టే వివరాలు అందులోనే ఉంటాయి.